నాయన షిఫ్టుల్లో, తాత ఇంట్లో: పిల్లల పని ఎవరికి ఏది అప్పజెప్పాలి?

మంగళం_అమ్మ:
తిరుపతిలో ఉంటాం. ఆయన ఉద్యోగం శ్రీసిటీలో. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 షిఫ్టులు వారానికొకటి మారతాయి. ఇంట్లో నాలుగున్నరేళ్ల బాబు, రెండు నెలల పాప. అత్త లేరు. మామకు 66, షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు, స్కూటరు నడుపుతారు, ఓపికున్న మనిషి. 26 వారాల సెలవు అయిపోగానే నేను ఆఫీసుకు పోవాల. ఇద్దరూ "ఏం చెయ్యమంటే అది చేస్తాం" అంటారు, చెప్పేదాకా కదలరు. ఎవరికి ఏ పని పూర్తిగా వదిలెయ్యొచ్చు? ఇంకో తగువు కూడా ఉంది: ఆయన వద్దన్న ఫోను మామ బాబుకు ఇచ్చేస్తారు.

పసిబిడ్డల_నర్సు:
"సాయం" అన్న మాట తీసెయ్యండమ్మా. సాయం చేసేవాళ్లకు ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉండాల. ఒక పని మొదలు నుంచి చివరిదాకా ఒకరిదే కావాల.

నాయనకు పాప స్నానం ఇవ్వండి. నీళ్లు కాచడం మొదలు తడిగుడ్డలు ఆరెయ్యడం దాకా ఆయనదే. పొద్దున షిఫ్టు, రాత్రి షిఫ్టు వారాల్లో సాయంత్రం 5కి, మధ్యాహ్నం షిఫ్టు వారంలో పొద్దున 10కి. వేళ మారితే పాపకు నష్టమేమీ లేదు. తొట్టిలో ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపాల. వేడి మోచేత్తో చూడాల, పనిచేసి మొద్దుబారిన అరచేతికి అది సరిగా తెలీదు. 5 నుంచి 10 నిమిషాలు చాలు. మెడ మడతలు, చంకలు, గజ్జలు అద్ది తుడవాల, అక్కడ తడి నిలిస్తే ఒరుసుకుపోతుంది. ముక్కులో నూనె చుక్కలు వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా పట్టుకుంటుంది. ఆ సలహా మీ ఇంట్లో ఎవరూ ఇవ్వకపోయినా పక్కింటి నుంచి తప్పక వస్తుంది.

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పక్కన, అందులోనూ సోఫా మీద, పాపను పడుకోబెట్టొద్దు. ఆ నిద్రలో పక్కన ఏం జరిగినా తెలీదు. ఆయన నిద్ర అయ్యాకే పాపను చేతికివ్వండి.

టీకాల కార్డు కూడా నాయన చేతికే. 10, 14 వారాలు, తర్వాత 9 నెలలు. తీసుకుపోయేదీ, ఆ రాత్రి జ్వరం చూసేదీ ఆయనే. ఒకటి మాత్రం ఇద్దరికీ నేర్పండి. పారాసెటమాల్ చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, 125 సిరప్‌లో 5 మి.లీ.కి 125. అంటే చుక్కల మందు నాలుగింతలు గాఢం. సిరప్ కొలత చెప్తే చుక్కల సీసాలోంచి పోసిన ఇళ్లున్నాయి. డాక్టరు బరువును బట్టి చెప్పిన మి.లీ.ని సీసా మీదే రాసి అతికించండి.

పాల పని మామది. మీరు ఆఫీసుకు పోయే నెల ముందే మొదలుపెట్టండి. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటలు ఉంటాయంటారు, తిరుపతి ఎండలకు ఆ లెక్క పనికిరాదు. పిండగానే మూతగిన్నెలో, 60 మి.లీ. చొప్పున, తేదీ వేసి ఫ్రిజ్ లోపలివైపు పెట్టండి, తలుపు అరలో కాదు. 4 రోజుల్లో వాడెయ్యాల. మీగడ తేలితే విరిగాయనుకుని పారబోస్తారు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. ఆవుపాల అలవాటుకొద్దీ పొయ్యి మీద పెట్టేస్తారు, అది వద్దు. వేడినీళ్ల గిన్నెలో ఉంచితే గోరువెచ్చనవుతాయి. తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాల్సిందే. పట్టేది ఉగ్గుగిన్నెతో. పాలపీక కన్నా కడగడం సులువు.

తాతల_పక్షం:
పాల సంగతి సరే, తాత సంగతి కూడా చూడాల కదా. గ్లిమిపిరైడ్ వేసుకునే మనిషి వేళకు తినాల. పాప ఏడుస్తుంటే ఎత్తుకుని భోజనం గంట ఆలస్యం చేశారంటే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఆ సమయంలో చేతిలో బిడ్డ ఉంటుంది! అన్నం 12:30కి అంటే 12:30కే, పాప ఉయ్యాలలో ఏడ్చినా సరే. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాల. కళ్లు తిరిగితే ముందు పాపను కింద చాప మీద పడుకోబెట్టి, తర్వాత మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగాల. ఈ వరస ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

అదే మాత్ర బాబు నోట్లో పడితే ఒక్కటి చాలు, చిన్నపిల్లల షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది, అదీ గంటల తర్వాత. దిండు కింద, చొక్కా జేబులో, టీవీ పక్కన మాత్రలు ఉండకూడదు. మింగాడని అనుమానమొచ్చినా లక్షణాల కోసం చూడకుండా ఆసుపత్రికి.

స్కూటరు మీద బాబును ముందు నిలబెట్టుకోవడం మన ఊళ్లో మామూలే. సడన్ బ్రేకు పడితే మొహం హ్యాండిల్‌కే తగులుతుంది. 4 ఏళ్లు దాటినవాళ్లకు హెల్మెట్ చట్టప్రకారమే తప్పనిసరి, వాడి తలకు సరిపోయేది కొనండి, పెద్దవాళ్లది తిరిగిపోతుంది. బడి దగ్గరైతే నడిపించుకుపొమ్మనండి, ఇద్దరికీ మంచిది.

చెనిక్కాయల కాలంలో తాత జేబు ఎప్పుడూ నిండే ఉంటుంది. 5 ఏళ్లలోపు గింజ గింజగా పెట్టొద్దు, నవ్వుతూ నములుతూ ఉంటే గొంతుకు అడ్డం పడుతుంది. పొడి కొట్టో, బెల్లంతో మెత్తగా దంచో పెట్టొచ్చు.

బైరాగిపట్టెడ:
ఫోను తగువుకు అసలు కారణం సాయంత్రం 5 నుంచి 6:30. బాబు బడి నుంచి అలిసి వచ్చి సతాయించే వేళ, మామకూ ఓపిక తగ్గే వేళ. వద్దని చెప్తే సరిపోదు, ఆ గంటన్నరకు బదులు ఏదో ఉండాల. అష్టాచెమ్మా పెట్టండి. ఐదు గళ్లు అడ్డం, ఐదు నిలువు. నాలుగు వైపులా మధ్యగడి, నట్టనడిమి గడి కొట్టేసి గీయాల, అవి ఇల్లు. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు ఒక పక్క తెల్లగా వచ్చేదాకా బండమీద రుద్దండి. నాలుగూ తెల్లగా పడితే 4, నాలుగూ నల్లగా పడితే 8. బాబుకు నాలుగు కాయలు ఎక్కువ, రెండుతో మొదలుపెట్టండి. చంపడం తర్వాత నేర్పొచ్చు, ఇప్పుడే అంటే ఏడుపే.

ఇక మాట ఎవరిది అనేదానికి: ఫోను, తీపి, దెబ్బ, ఈ మూడింట్లో అమ్మానాయనలదే తీర్పు. ఆట, కథ, షికారు, ఏ చొక్కా వెయ్యాలి, ఇవన్నీ తాత ఇష్టం, అందులో మీరిద్దరూ వేలు పెట్టొద్దు. తాత ఫోను ఇచ్చినా బాబు ముందు లాక్కోవద్దు. వాడు పడుకున్నాక కొడుకే తండ్రితో మాట్లాడాల. కోడలితో చెప్పిస్తే అది ఫోను గొడవగా మిగలదు.

నర్సమ్మ చెప్పనిది ఇంకొకటి. వారమంతా తాతే చూస్తే నాయన ఇంట్లో చుట్టమైపోతాడు, బిడ్డ ఏడిస్తే "నాన్నా, పట్టుకో" అని తాత చేతికే ఇచ్చేస్తాడు. ఆయన వారం సెలవు రోజు మామకు పూర్తి సెలవు ఇవ్వండి. మీరు కూడా మూడు గంటలు బయటికి పోండి. మధ్యలో ఫోను చేసి అడగొద్దు. ఆయన డైపరు వంకరగా వేసినా దిద్దొద్దు, కారితే మళ్లీ సారి ఆయనే బిగిస్తాడు.

మంగళం_అమ్మ:
అందరికీ వందనాలు. నిన్న సాయంత్రం మామ ఉగ్గుగిన్నెతో పట్టబోతే పాప మూతి తిప్పేసింది. నేను పక్కనే ఉన్నా.

పసిబిడ్డల_నర్సు:
పక్కన ఉండడమే కారణం కావచ్చు. మీ వాసన తెలుస్తుంటే గిన్నె ఎందుకు పట్టించుకుంటుంది? ఆ వేళకు మేడమీదికి పోండి. ఆకలి ముదిరి ఏడ్చేదాకా ఆగొద్దు, చప్పరించడం మొదలవగానే పట్టాల. పాప నిటారుగా, తల చేతి ఒంపులో. గిన్నె మూతి కింది పెదవి మీద ఆనించి పాలు పెదవికి తగిలేలా వంచి అలాగే ఉంచమనండి. నోట్లోకి పొయ్యకూడదు, తనే జుర్రుకోవాల. ఆపితే ఆపాల. మొదటి వారం సగం గుడ్డ మీదే పోతాయి, కాబట్టి 20 మి.లీ.కి మించి తియ్యొద్దు.