1000 జీబీ 18 రోజులకే అయిపోతోంది, 3300 జీబీ ప్లానుకి మారాలా?

కాకినాడ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురం. 5జీ వైఫై కనెక్షను, నెలకు 1000 జీబీ. బిల్లు తేదీ నుంచి 18వ రోజు వచ్చేసరికి స్పీడు పడిపోతోంది. వాడకం ఇదీ: 4కే టీవీలో రోజుకు నాలుగు గంటలు ఓటీటీ, మూడు ఫోన్లలో తలా రెండు గంటల వీడియోలు, ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఒకరికి వారంలో ఐదు రోజులు మూడేసి గంటల వీడియో కాల్స్, బయట రెండు క్లౌడ్ కెమెరాలు (వీడియోను నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కి పంపేవి). 3300 జీబీ ఫైబర్‌కి మారమంటారా, ఇదే కనెక్షన్‌లో ఎక్కువ స్పీడు ప్లాను తీసుకుంటే సరిపోతుందా?

లెక్కల_పద్దు:
స్పీడు పెంచితే డేటా పెరగదు అండీ, ఇంకా ముందే అయిపోవచ్చు. ఓటీటీ యాప్ లైను ఎంత బాగుంటే అంత నాణ్యమైన బొమ్మ లాగుతుంది.

మీరు చెప్పిందే లెక్క కడదాం. నెట్‌ఫ్లిక్స్ చెప్పే అంకెల ప్రకారం గంటకు హెచ్‌డీ అయితే 3 జీబీ, 4కే అయితే 7 జీబీ దాకా. నాలుగు గంటలూ 4కేలోనే చూస్తే రోజుకు 28, నెలకు 840 జీబీ. ఫోన్లకు గంటకు 0.7 వేసుకుంటే నెలకు 126. గ్రూపు వీడియో కాల్ గంటకు సుమారు 1.35 జీబీ, 22 పనిరోజులకు 90 లోపే. ఇవన్నీ కలిపితేనే వెయ్యి దాటింది, ఇంకా కెమెరాలు వెయ్యలేదు. అవి క్లౌడ్‌కి ఆగకుండా పంపుతున్నాయా, కదలిక ఉన్నప్పుడేనా? అసలు సంగతి అక్కడ తేలుతుంది.

కాకినాడ_కుర్రాడు:
24 గంటల రికార్డింగ్ ప్లానులో ఉన్నాయి.

కెమెరా_కన్ను:
అయితే దొరికింది. 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) చొప్పున ఆగకుండా పంపే ఒక్క కెమెరా రోజుకు 10.8 జీబీ, 30 రోజులకు 324 జీబీ తింటుంది. రెండింటికీ 648. పై లెక్కకు కలపండి: సుమారు 1700, అంటే రోజుకు 57 జీబీ. వెయ్యిని 57తో భాగిస్తే పదిహేడున్నర రోజులు. మీ 18వ రోజు అలా వచ్చింది. కెమెరా 2 ఎంబీపీఎస్‌లో ఉంటే కెమెరాల వాటా రెట్టింపు. మనం ఏమీ డౌన్‌లోడ్ చెయ్యట్లేదు కదా అని కెమెరాలను చాలామంది లెక్కలోకే తీసుకోరు. అప్‌లోడ్ కూడా లిమిట్‌లోంచే పోతుంది.

ముందు రుజువు చూసుకోండి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా రూటర్లకు పేజీ వస్తుంది (రాకపోతే రూటర్ అడుగున స్టిక్కర్ చూడండి). అందులో పంపినది, అందుకున్నది అని రెండు అంకెలుంటాయి. ఇవాళ, రేపు ఒకే టైముకి రాసుకోండి. మధ్యలో కరెంటు పోతే లెక్క సున్నాకి వచ్చేస్తుంది, ఆ రోజు వదిలేయండి. పంపినది రోజుకు 20 జీబీ దాటితే దాదాపుగా కెమెరాలే.

తర్వాత ఒక్కో కెమెరాలో 128 జీబీ మెమరీ కార్డు వేసి, నిరంతర రికార్డింగ్ దానిలోకి మార్చండి. 1 ఎంబీపీఎస్‌లో 11 రోజుల ఫుటేజీ ఆగుతుంది. కార్డు హై ఎండ్యూరెన్స్ రకమే కొనాలి. మామూలుది రాత్రీ పగలూ రాస్తూనే ఉంటే త్వరగా పాడవుతుంది, అదీ మనకు చెప్పకుండా. క్లౌడ్‌కి కదలిక క్లిప్పులు మాత్రం పంపండి.

కాకినాడ_కుర్రాడు:
ఒక కెమెరా రోడ్డు వైపే ఉంది. బండి వెళ్లినప్పుడల్లా క్లిప్పు పోదా?

కెమెరా_కన్ను:
పోతుంది, అలాగే వదిలేస్తే. యాప్‌లో కదలిక గమనించే చోటు గీసుకునే వీలుంటుంది. గేటు, మెట్లు మాత్రం గీసి రోడ్డు బయట పెట్టండి. రాత్రి ఇంకో తంటా ఉంది: పురుగులు లెన్సు ముందు తిరుగుతాయి, సాలీడు గూడు కడుతుంది, ప్రతిదానికీ క్లిప్పే. సెన్సిటివిటీ ఒక మెట్టు తగ్గించి, వారానికోసారి లెన్సు తుడవండి. ఇంత చేస్తే రెండు కెమెరాలూ కలిపి నెలకు 50 జీబీలో సర్దుకోవచ్చు.

లెక్కల_పద్దు:
టీవీలో 4కే మానేసి హెచ్‌డీలో చూస్తే 840 కాస్తా 360 అవుతుంది. కెమెరాలతో కలిపి మొత్తం 630 లోపు. అప్‌డేట్లకీ చుట్టాలొచ్చే రోజులకీ పావు వంతు అదనంగా వేసుకున్నా 800. ఉన్న 1000 చాలు. పెద్ద గేములు డౌన్‌లోడ్ చేసే పిల్లలుంటే మాత్రం ఒక్కోటి 100 జీబీ దాకా ఉండొచ్చు, అది విడిగా కలుపుకోండి.

వీధి_ఫైబర్:
లెక్క సరే గానీ, పెద్ద టీవీ కొనుక్కుని 4కే ఎందుకు మానుకోవాలి? వీధిలోకి ఫైబర్ వచ్చి ఉంటే 3300 తీసుకోమనే నా సలహా. రోజుకు 110 జీబీ. కెమెరాలు సరిచేశాక మీకు 4కేతో కలిపినా సుమారు 1100 అవుతుంది, అంతే. డబ్బు కట్టేముందు ఇవి అడగండి: లిమిట్ దాటాక ఎంత స్పీడు ఇస్తారు, చూపించే ధరలో 18 శాతం జీఎస్టీ ఉందా, టీవీ ఛానెళ్లు కూడా ఇదే డేటాలోంచి పోతాయా. మొదటిది ముఖ్యం. 2 ఎంబీపీఎస్ ఇస్తే ఒక వీడియో కాల్ నడుస్తుంది, టీవీలో ఫుల్ హెచ్‌డీకి మాత్రం 5 కావాలి. 64 కేబీపీఎస్ అన్నారంటే వాట్సాప్ మెసేజీలు తప్ప ఇంకేమీ పోవు. అలాంటి ప్లానులో లిమిట్‌కి దగ్గరగా వాడే ఇల్లు ఉండకూడదు.