చిత్రసంయోజనం, కూర్పు, సంవిధానం: ఎడిటర్ దర్శకుడైతే తెలుగులో ఏమనాలి?

తెల్లకాగితం:
మలయాళంలో ఎడిటర్‌గా పేరు తెచ్చుకుని 2017లో ‘టేకాఫ్’తో దర్శకుడైన మహేష్ నారాయణన్ మీద వ్యాసం రాస్తున్నాను. మలయాళంలో ఎడిటింగును ‘చిత్రసంయోజనం’ అంటారు, దర్శకత్వాన్ని ‘సంవిధానం’ అంటారు. తెలుగులో ఎడిటర్‌ను ‘సంపాదకుడు’ అంటే పత్రికాఫీసు గుర్తొస్తోంది, ‘సంకలనకర్త’ అంటే కవితల పుస్తకం గుర్తొస్తోంది. ‘కూర్పరి’ అనొచ్చా? సంవిధానాన్ని ఎలాగూ దర్శకత్వం అనే రాస్తాను, కానీ ఆ మాట మనకు పూర్తిగా పరాయిదా?

ధాతువు:
పరాయిది కాదండీ. ‘కథాసంవిధానం’ అని మన విమర్శకులు ఎప్పటినుంచో రాస్తున్నారు. సం, వి ఉపసర్గలు, ధా ధాతువు. ధా అంటే ఉంచడం, కాబట్టి దేన్ని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచడం సంవిధానం. హిందీ ఆ మాటను రాజ్యాంగానికి ఇచ్చింది, మలయాళం దర్శకుడి పనికి ఇచ్చింది, మనం కథ అల్లికకు అట్టేపెట్టుకున్నాం. మలయాళం పోస్టరు చదివేటప్పుడు హిందీ అర్థం అడ్డొస్తుంది, అంతే. సంయోజనంలో ఉన్నది యుజ్, అంటే కలపడం. ఎడిటర్ దర్శకుడు కావడం అంటే కలిపే పని నుంచి అమర్చే పనికి వెళ్లడం అన్నమాట. మలయాళంలో ఈ రెండు పనుల పేర్లూ దగ్గర చుట్టాల్లా వినిపిస్తాయి. మన ‘దర్శకుడు’ దృశ్ నుంచి వచ్చింది, చూపించేవాడు. దాని దారి వేరు.

ఇక కూర్పు అచ్చ తెలుగు. చేర్చు-చేర్పు, మార్చు-మార్పు, తీర్చు-తీర్పు, నేర్చు-నేర్పు వరసలోదే కూర్చు-కూర్పు. నేర్పరి, తీర్పరి ఉన్నాయి కనుక కూర్పరి వ్యాకరణానికి ఏ ఇబ్బందీ పెట్టదు. పాత పుస్తకాల అట్టల మీద ‘రెండవ కూర్పు’ అని ఎడిషన్‌కు కూడా ఇదే వాడారు. సంస్కృతంలో కూర్పరం అంటే మోచేయి, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఒక జాగ్రత్త. ‘ఈ సినిమాను ఆయనే కూర్చారు’ అని రాస్తే కన్ను ‘కూర్చున్నారు’ వైపు జారుతుంది. ‘కూర్పు ఆయనదే’ అని నామవాచకంతో ముగిస్తే ఆ తడబాటు ఉండదు.

ఎర్రబస్సు:
వ్యాకరణం సరే. జనం నోట ఉన్నది కత్తెర కదా? ‘రెండో సగంలో కత్తెరకు పని చెప్పాల్సింది’ అనే కదా సమీక్షలు రాస్తారు. అందరికీ తెలిసిన మాట వదిలేసి కూర్పు అనడం ఎందుకు?

పాతరీలు:
కత్తెర అన్నది పనిలో సగం కూడా చెప్పదు కాబట్టి. ఫిలిం రోజుల లెక్కే చూడండి. 35 ఎం.ఎం. ఫిలిం అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. అంటే నిమిషానికి 90 అడుగులు, వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల చిల్లర. రెండున్నర గంటల సినిమా 13,500 అడుగులు. ఎడిటర్ ముందు పాజిటివ్ ప్రింటు కోస్తాడు, టేపుతో అతుకుతాడు, నడిపి చూస్తాడు, నచ్చకపోతే టేపు ఊడదీసి మళ్లీ అతుకుతాడు. టేపు అతుకుకు ఫ్రేము పోదు. అంతా ఖరారయ్యాక అంచు మీది నంబర్లు సరిచూసుకుంటూ, కెమెరాలో తీసిన అసలు ఫిలిం అయిన నెగటివ్‌ను కోస్తారు, దాన్ని సిమెంటుతో అతుకుతారు. ఈ అతుకులో ఒక అంచు మీదికి ఇంకో అంచు ఎక్కాలి, అందుకని కోసిన చోటల్లా ఒక ఫ్రేము పోతుంది. తప్పు చోట కోస్తే ఆ నెగటివ్ మళ్లీ రాదు. ఇంత జాగ్రత్తా అతుకు కోసమే, కోత కోసం కాదు.

డిజిటల్‌లో అసలు ఏదీ తెగదు. ఏ ఫైలు ఏ ఫ్రేము దగ్గర మొదలవాలి, ఏ ఫ్రేము దగ్గర ఆగాలి, దాని పక్కన ఏది రావాలి అన్న జాబితా మాత్రమే తయారవుతుంది. అది కూర్పు కాక మరేమిటి? పని చెడితే ఏమంటామో తెలుగులో ముందే ఉంది: అతుకులబొంత. అతుకు కనబడితే బొంత, కనబడకపోతే కూర్పు.

తెల్లకాగితం:
పాతరీలు గారూ, మహేష్ నారాయణన్ సినిమాల్లో ఇది ఎక్కడ బాగా తెలుస్తుంది? వ్యాసంలో పేర్ల పట్టీ ఇచ్చి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు.

పాతరీలు:
ఎడిటర్‌గా అయితే 2011 నాటి ‘ట్రాఫిక్’ నుంచి మొదలుపెట్టండి, దర్శకుడు రాజేష్ పిళ్ళై. కొచ్చి నుంచి పాలక్కాడ్‌కు గుండెను తరలించే కథ, చాలామంది జీవితాలు ఒకే రోజులో తగులుకుంటాయి. ఇలాంటి కథలో ప్రతి పాయకూ సమానంగా సమయం పంచితే ఊపు చచ్చిపోతుంది. ఒక పాయను మరీ ఎక్కువసేపు వదిలేస్తే తిరిగి వచ్చేసరికి ప్రేక్షకుడు ‘వీడెవడు?’ అనుకుంటాడు. బండిలో పది నిమిషాలు గడిచి, ఆసుపత్రిలో రెండే నిమిషాలు గడిచినట్టుంటే గడియారం కథ మీద నమ్మకం పోతుంది. వీటిని సర్దడం కత్తెర పని కాదు.

దర్శకుడయ్యాక ‘మాలిక్’ (2021) చూడండి. దర్శకత్వమూ కూర్పూ ఆయనవే. అయినా మొదలే పది నిమిషాలు దాటిన ఒకే షాట్. ఇల్లంతా జనం, హజ్‌కు బయలుదేరే పెద్దాయన, ఒక గది నుంచి ఇంకో గదికి కెమెరా పోతూనే ఉంటుంది. కోత ఒక్కటీ కనబడదు, కూర్పు మాత్రం నిండా ఉంది. ఎవరు ఏ క్షణంలో ద్వారం దాటాలి, ఏ మాట ఎవరి వెనక నుంచి వినబడాలి అన్నది సెట్‌లోనే కూర్చేశారు. ఇలాంటి షాట్‌లో తొమ్మిదో నిమిషంలో ఒకరు తడబడితే మొత్తం మళ్లీ మొదటినుంచే.

2020 సెప్టెంబరు 1న ఓటీటీలో వచ్చిన ‘సీ యూ సూన్’ దీనికి తలకిందులు. లాక్‌డౌన్‌లో ఐఫోన్‌తో తీశారు, కథంతా కంప్యూటరు, ఫోను తెరల మీదే జరుగుతుంది. అక్కడ షాటు పక్కన షాటు కాదు, ఒకే ఫ్రేములో పొర మీద పొర: వీడియో కాల్ కిటికీ, చాటింగ్ పెట్టె, బాణం గుర్తు. కన్ను ఎటు పోవాలో ఆ బాణం చెబుతుంది. ఒకరు ఏదో టైపు చేసి, ఆగి, చెరిపేస్తే ఆ ఆగిన క్షణమే నటన. అది అర సెకను తగ్గితే సందేహం తెలియదు, ఎక్కువైతే నెట్ ఆగిందేమో అనిపిస్తుంది.

ఎర్రబస్సు:
ఒప్పుకున్నాను, కత్తెర వెనక్కి తీసుకుంటున్నాను. మన వైపు నుంచి ఒక సంగతి చేర్చండి: ‘వానప్రస్థం’ అనే మలయాళ సినిమాకు జాతీయ పురస్కారం తెచ్చిన ఎడిటర్ ఎ. శ్రీకర్ ప్రసాద్, తెలుగు సినిమాలు కూర్చి, దర్శకత్వం కూడా చేసిన అక్కినేని సంజీవి గారి అబ్బాయి.

ధాతువు:
ఇంకో చిన్న మాట. 2022లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవం పోటీకి వెళ్లిన మహేష్ నారాయణన్ సినిమా పేరు ‘అరియిప్పు’, అంటే ప్రకటన. అరి మన ‘ఎరుగు’కు తోబుట్టువు, అరియిక్కుక మన ‘ఎరిగించు’ లాంటిది. చివరి ‘ప్పు’ను చూడండి. తమిళంలో ఎడిటింగును ‘పడత్తొగుప్పు’ అంటారు, అందులోనూ అదే. కూర్పులోని ‘పు’ ఈ కోవలోదే. అరియిప్పును ‘ఎరుక’ అని అనువదించకండి, ఎరుక తెలుసుకోవడం, అరియిప్పు తెలియజేయడం.

తెల్లకాగితం:
అయితే మొదటి వాక్యం ఇలా పెడుతున్నాను: “2011 నాటి ‘ట్రాఫిక్’కు కూర్పరి అయిన మహేష్ నారాయణన్, 2017లో ‘టేకాఫ్’తో దర్శకుడై, ఆ ఏటికి కేరళ రాష్ట్ర ఉత్తమ నవాగత దర్శకుడి పురస్కారం అందుకున్నారు.”

ధాతువు:
బాగుంది. ‘కూర్పరి అయిన’ బదులు ‘కూర్పు చేసిన’ అనండి, మొదటిసారి చదివేవాళ్లకు సులువుగా అందుతుంది. కూర్పరిని రెండో పేరాలో దించండి.