దసరా అయిపోయింది, స్విమ్మింగ్ పూల్‌కు ఇప్పుడే పట్ట కప్పాలా, డిసెంబరు దాకా ఆగాలా?

తోటింటి_ఓనరు:
అనంతపురం నుంచి ధర్మవరం పోయే దారిలో మాకు చిన్న తోట ఉంది. ఇంటి వెనక 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పుతో పూల్ కట్టించాం, లోతు సగటున నాలుగడుగులు. సెలవులు అయిపోయాయి, ఇక సంక్రాంతి దాకా దిగేవాళ్ళు ఉండరు. న్యూజెర్సీలో ఉండే మా బామ్మర్ది ఫోన్ చేసి, ఇప్పుడే పట్ట కప్పెయ్ బావా, చెత్త పడదు, డిసెంబరులో నీళ్ళు కొంచెం దించి, మోటారు ఆపి పూర్తిగా మూసెయ్యొచ్చు అంటున్నాడు. పూల్ చూసే అబ్బాయేమో కప్పితే నీళ్ళు చెడిపోతాయి, తర్వాత నన్ను అనొద్దు అంటున్నాడు. రేపు పట్ట కొనడానికి పోవాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

కడప_బుజ్జి:
మా వీధిలో మూడు రోజులకోసారి కొళాయి వస్తుంది. మీరు కానివ్వండి సార్.

నీలినీళ్ళు:
నేను కర్నూలులో పూల్ మెయింటెనెన్స్ చేస్తాను. అబ్బాయి చెప్పిందే కరెక్ట్. మీ బామ్మర్ది చెప్పేది వాళ్ళ ఊరికి సరిపోతుంది. అక్కడ చలికి పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, పైపు పగులుతుంది. అందుకే నీళ్ళు దించుతారు, పైపుల్లోకి గాలి కొట్టి ఖాళీ చేస్తారు, మోటారు విప్పి లోపల పెడతారు. మనకు జనవరిలో రాత్రి 16, 17 డిగ్రీలకు దిగినా పగలు మళ్ళీ 30 దాకా పోతుంది. గడ్డకట్టడం అన్న మాటే లేనప్పుడు పూర్తిగా మూసేది దేనికి? ఇక ఆకులంటారా, మన వేపాకు రాలేది మాఘం, ఫాల్గుణంలో. అక్టోబరులో పడేది దుమ్ము, వాన.

ఒహాయో_సీమబిడ్డ:
మాది తాడిపత్రి, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. మేం సెప్టెంబరు చివర్లో కప్పుతాం. నీళ్ళు 15 డిగ్రీల కిందికి వచ్చాక మూసేస్తాం, అప్పుడు పాచి అంతగా పెరగదు కాబట్టి. ఈ మధ్యలో పట్ట వేస్తే తప్పేముంది? ఎండ తగలకపోతే పాచి రాదు, క్లోరిన్ కూడా నిలుస్తుంది. ఇది సైన్స్, ఒహాయోలో అయినా సీమలో అయినా ఒకటే.

నీలినీళ్ళు:
సైన్సే చెప్తున్నా వినండి. మీ దగ్గర దొరికే నల్ల కవరు వేరు, మన అంగట్లో దొరికే నీలం పట్ట వేరు. దీంట్లోంచి వెలుతురు దిగుతుంది. కింద నీళ్ళు వెచ్చగా ఉంటాయి, మోటారు ఆగిపోయి ఉంటుంది, క్లోరిన్ ఎంత ఉందో చూసేవాడు ఉండడు. మీ 15 డిగ్రీలు మనకు ఎప్పుడూ రావు, అంటే మీకు ‘మధ్యలో’ వచ్చే ఆ కొన్ని వారాలు మనకు చలికాలం మొత్తం. పోయిన ఏడాది ఒకాయన నేను వద్దన్నా వినకుండా కప్పి, నెలన్నర అటువైపు చూడలేదు. తీస్తే నీళ్ళు నల్లగా, వాసన. నా మందులే నాసిరకం అని రెండు నెలల డబ్బు ఎగ్గొట్టాడు. ఇంతవరకూ ఇవ్వలేదు.

దోమల_బ్యాచ్:
పట్ట మీద వాన నీళ్ళు నిలిస్తే డెంగీ దోమకు అంతకంటే ఏం కావాలి? వారం పది రోజులు చాలు. పైగా 2.5 సెంటీమీటర్ల వాన పడితే మీ పూల్ కొలతకు 800 లీటర్లు, అంటే 800 కిలోల బరువు. తాళ్ళు తెగుతాయి.

చీనీ_రైతు:
అందరూ క్లోరిన్, దోమలు అంటున్నారు, ఆవిరి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 32 చదరపు మీటర్లు, రోజుకు 5 మిల్లీమీటర్లు ఎగిరిపోతాయి అనుకున్నా 160 లీటర్లు. నెలకు దగ్గర దగ్గర 5,000 లీటర్ల ట్యాంకర్. కప్పితే అందులో చాలా భాగం మిగులుతుంది. కాబట్టి కప్పాల్సిందే.

నీలినీళ్ళు:
కప్పి, నీళ్ళు చెడగొట్టుకుని, 38 వేల లీటర్లు బయట పారబోస్తే మిగిలేదేంటి? నెలకు ఒక ట్యాంకర్ మిగిల్చి చివర్లో ఎనిమిది ట్యాంకర్లు పోస్తారా?

చీనీ_రైతు:
చెడకుండా చూసుకోవడం మీ పని. 160 లీటర్లకు జవాబు చెప్పండి.

నీలినీళ్ళు:
చెప్తా. బాగా కాసే చీనీ (బత్తాయి) చెట్టు ఎండాకాలంలో రోజుకు వంద లీటర్లకు పైనే తాగుతుంది. అంటే ఈ పూల్ ఎగరగొట్టేది చెట్టున్నర నీళ్ళు. మీ తోటలో ఎన్ని చెట్లున్నాయి?

చీనీ_రైతు:
ఉండేవి. ఎండబెట్టి కొట్టేశా.

చీనీ_రైతు:
అడిగారు కాబట్టి పూర్తిగా చెప్తా. మా పొలం పక్కన ఒకాయన బర్త్‌డేలకు, ఫంక్షన్లకు అద్దెకిచ్చే తోటిల్లు కట్టాడు, పూల్ పెట్టాడు, మా బోరుకంటే లోతుగా బోరు దించాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో మా బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. ట్యాంకర్లు తోలి కొన్నాళ్ళు కాపాడా, అప్పు పెరిగిందే తప్ప చెట్టు నిలబడలేదు. పండుగ వస్తే ఆయన పాత నీళ్ళు రోడ్డు పక్క కాలవలోకి వదిలి కొత్త నీళ్ళు నింపేవాడు, ఆ కాలవ మా గట్టు పక్కనుంచే పోతుంది. భూగర్భ జలాలను కాపాడే వాల్టా చట్టం 2002లోనే వచ్చింది, పోయి అడిగితే బోరు ఆయన సొంత భూమిలో వేసుకున్నాడు కదా అన్నారు. చెట్టు తాగితే కాయ కాస్తుంది, నలుగురు కూలీలకు పని ఉంటుంది. మీ పూల్ తాగితే ఏం కాస్తుంది?

నీలినీళ్ళు:
మాకు పని కాస్తుంది సార్. నేనూ, నా దగ్గర పనిచేసే పిల్లలూ దీని మీదే బతుకుతున్నాం. మీకు పూల్ ఉండటమే ఇష్టం లేదు, ఆ మాట మొదటే అనొచ్చు కదా, పట్ట మీద ఇంత లెక్క దేనికి?

చీనీ_రైతు:
అవును, ఇష్టం లేదు. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని చిన్నప్పటి నుంచి బడిలో చదువుకున్నాం. ఇక్కడ ఈత కొలను చలికాలంలో ఎలా మూయాలి అని చర్చ పెట్టుకున్నాం.

ఒహాయో_సీమబిడ్డ:
ఊళ్ళో చెరువు నిండితే మేమూ ఈదేవాళ్ళం, ఇప్పుడు నిండట్లేదు, ఏం చేస్తాం?

చీనీ_రైతు:
ఒహాయోలో ఈదండి.

తోటింటి_ఓనరు:
అయ్యా, మధ్యలో నా గతేంటి? మా పూల్ అద్దెకిచ్చేది కాదు, ఇంట్లోవాళ్ళకే. బోరు మా నాన్న తవ్వించింది, దానికింద వేరుశనగ కూడా వేస్తున్నాం. ఇవన్నీ నా నెత్తిన వెయ్యొద్దు. కానీ ఫిల్టరు కడిగిన బ్యాక్‌వాష్ నీళ్ళు మాత్రం మేమూ బయటికే వదులుతున్నాం. వాటిని చెట్లకు పెట్టొచ్చా?

నీలినీళ్ళు:
పెట్టొచ్చు, కానీ అదే రోజు వద్దు. ఒక తొట్టిలో పట్టి, రెండు మూడు రోజులు ఎండలో ఉంచితే క్లోరిన్ చాలా వరకు పోతుంది. ఉప్పు నుంచి క్లోరిన్ తయారయ్యే పూల్ అయితే మాత్రం చెట్ల దగ్గరికి రానివ్వకండి, మట్టి పాడవుతుంది. కవరు సంగతికి వస్తే, గట్టి పట్ట బదులు సన్నకన్ను షేడ్‌నెట్ ఫ్రేముకు బిగించి కప్పండి. వాన కిందికి దిగిపోతుంది, నీళ్ళు పైన నిలవవు, నీడ వల్ల క్లోరిన్ కొంత నిలుస్తుంది, ఆవిరి కూడా కొంత తగ్గుతుంది. సన్న దుమ్ము మాత్రం ఆగదు. మోటారు ఆపొద్దు, రోజూ మూడు నాలుగు గంటలు నడపండి. వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో చూసుకోండి, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంటే చాలు. మందు ఎక్కువ వేసిన రోజు మాత్రం కప్పకండి.

వెన్నెల_తల్లి:
వదులుగా కట్టిన పట్ట మీద కుక్క నడిచి, అందులోనే చుట్టుకుని చచ్చిపోయింది మా బంధువుల ఇంట్లో. చిన్నపిల్లలుంటే చుట్టూ కంచె ముందు, కవరు తర్వాత. నెట్ అయినా అంతే.

ఒహాయో_సీమబిడ్డ:
చివరికి నీడ ఉంటే మంచిదని మీరే ఒప్పుకున్నారుగా నీలినీళ్ళు గారూ. నేను మొదటి నుంచి అన్నది అదే.

నీలినీళ్ళు:
మీరన్నది పట్ట. నేనన్నది నెట్, అదీ మోటారు నడుపుతూ.

చీనీ_రైతు:
నెట్ వేస్తే ఆవిరి ఎంత తగ్గుతుందో ఎవరూ చెప్పలేదు. తోటింటి ఓనరు గారూ, గోడ మీద గీత గీసి వారం పాటు మీరే కొలవండి. ఆ రోజుల్లో కొత్త నీళ్ళు పెట్టకండి, వాన పడితే మళ్ళీ మొదటి నుంచి చూడండి. కొలిచి ఇక్కడ రాయండి. ఆ తొట్టి కూడా కట్టించండి.

తోటింటి_ఓనరు:
సరే సార్, రాస్తా. షేడ్‌నెట్ ధర్మవరంలో దొరుకుతుందా, అనంతపురమే రావాలా?

కడప_బుజ్జి:
అనంతపురం పాతూరులో వ్యవసాయ సామాన్ల అంగళ్ళలో అడుగు అన్నా. మీటరు లెక్కన ఇస్తారు, అంచు కుట్టించుకునే రా.