కాలువ గట్టుకు తారు పడాలా, గ్రావెల్‌గానే ఉండాలా?

గట్టుబాట (విజయవాడ)

తాడేపల్లి నుంచి తెనాలి దాకా కాలువ గట్లకు తారు వేయాలన్న మాట ఊళ్లలో గట్టిగానే వినిపిస్తోంది. నేను వద్దంటున్నాను. ఎందుకో చెప్తాను, మీ మాట మీరు చెప్పండి.

ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం దగ్గర పడమటి కాలువ పట్టుకుంటే రేవేంద్రపాడు మీదుగా దుగ్గిరాల దాకా సైకిలు మీద నీళ్ల పక్కనే వెళ్లొచ్చు. దుగ్గిరాల దగ్గర కాలువ చీలుతుంది. కొమ్మమూరు కాలువ వెంట వెళ్తే సంగం జాగర్లమూడి వైపు, నిజాంపట్నం కాలువ వెంట వెళ్తే తెనాలి వైపు. 1855లో పాత ఆనకట్ట పూర్తయ్యాక సాగుకీ పడవలకీ కలిపి తీర్చిన కాలువలివి, అందుకే వాలు చాలా తక్కువ. బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టమే 57.05 అడుగులు. అక్కణ్ణుంచి సముద్రం దాకా దిగాల్సింది అంతే. కొత్తగా తొక్కేవాళ్లకీ, అరవై దాటినవాళ్లకీ ఇంత మంచి దారి చుట్టుపక్కల ఇంకోటి లేదు. పొద్దున్నే దిగువకు వెళ్లి సాయంత్రం తిరిగొస్తే, ఎండాకాలంలో పైరగాలి వెనక నుంచి తోస్తుంది.

చాలాచోట్ల ఒక గట్టు మీద తారు రోడ్డు ఇప్పటికే ఉంది. అవతలి గట్టు మట్టి, గ్రావెల్. ఆ ఒక్కటీ అలా ఉండనివ్వమని అడుగుతున్నాను. తారు పడితే ముందుగా వచ్చేవి లారీలే.

కంద_పసుపు (దుగ్గిరాల మండలం)

మీరు రాసింది చదివాను తమ్ముడూ. మీకు గట్టు నచ్చినందుకు సంతోషమే, కానీ ఆ గట్టు మీద మేం ఏం మోస్తామో కూడా తెలుసుకోవాలిగా. మాది కంద, పసుపు, కొంత అరటి. కంద తవ్వి ట్రాక్టర్‌కెక్కించాక డొంకలోంచి, అంటే పొలాల మధ్య బండి బాటలోంచి, గట్టెక్కే చోట టైరు దిగబడిందంటే ఇంకో ట్రాక్టర్ తెచ్చి లాగించాలి. ఆ బాడుగ మేమే కట్టుకోవాలి. అక్టోబరు వానల్లో అయితే ఆ గట్టు మీద మోటారు సైకిలు కూడా నిలబడదు. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే 108 బండి వంతెన దగ్గరే ఆగిపోతుంది, మనిషిని మంచంతో సహా మోసుకెళ్లాలి.

మీరు వారానికోసారి వస్తారు. అవతలి గట్టున పొలాలున్న మాకు అది రోజూ నడిచే దారి. తారు కావాలి.

పాత_లాకులు (తెనాలి)

నేను జలవనరుల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. కానీ గట్టు అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు.

గట్టు పుట్టింది రోడ్డు కోసం కాదు. కాలువ తవ్విన మట్టినే పక్కన పోసి, అదిమి కట్టారు. దాని పని నీళ్లు పట్టి ఉంచడం, దాని మీద లస్కర్, అంటే కాలువ కాపలా మనిషి, తిరిగి చూసుకోవడం. లస్కర్ చూసేవి చిన్న చిన్న సంగతులు: ఎండ్రకాయ బొరియ, ఎలుక కన్నం, గట్టు అవతలి వైపు అడుగున తడి. ఆ తడిలో మట్టి కూడా కలిసి వస్తోందంటే, బురదగా వస్తోందంటే, లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. తేటగా వస్తే కొంత టైముంది. బురదగా వస్తే ఆ రాత్రే బస్తాలు వేయాలి. గండి పడితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు చూపించింది, సింగ్‌నగర్ వాళ్లనడగండి. అది వాగు గట్టు, ఇది కాలువ గట్టు, వరద లెక్క వేరు. మట్టి లెక్క మాత్రం ఒకటే.

తారు సంగతి. పైన మట్టి కుంగితే మట్టి గట్టు మీద వెంటనే గుంట కనిపిస్తుంది. తారు కింద కుంగితే పై పెచ్చు కొంతకాలం అలాగే నిలబడి ఉంటుంది, లోపల బోలు. రెండోది, వేసవిలో కాలువకు నీళ్లు కట్టేశాక పూడిక తీస్తారు. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ యంత్రం గట్టెక్కి చైన్ల మీద తిరుగుతుంది, తీసిన పూడిక గట్టు మీదే పోస్తుంది. ఆ చైన్ల కింద పల్చటి తారు ఒక్క సీజను కూడా ఆగదు. నేను కళ్లారా చూసిందే చెప్తున్నాను. మూడోది బరువు. గట్టుకి అంచునే లారీ నడిస్తే అంచు కాలువలోకి జారుతుంది.

అందుకని నా ఓటు గ్రావెల్‌కే. అలాగని వదిలేయడం కాదు. మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు ఉండేలా పరిచి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పాలి. ఏటా వానలు వెళ్లాక మళ్లీ సరిచేయాలి. దీనికి తారంత ఖర్చవదు. కానీ ప్రతి ఏడూ పట్టించుకునేవాడు కావాలి. మనకు లేనిది అదే.

రేగడి_రైడర్ (గుంటూరు)

నేనూ వారాంతాల్లో తొక్కుతాను. అందరూ ‘గ్రావెల్’ అని ఒకటే గాటన కట్టేస్తున్నారు. 40 ఎం.ఎం. కంకర పోసి రోలర్ తిప్పకుండా వదిలేసిన దారి సైకిలుకి నరకం, బైకుకి ఇంకా నరకం. అదిమిన ఎర్ర గ్రావెల్ అయితే 38, 40 ఎం.ఎం. టైరులో గాలి కాస్త తగ్గించుకుని హాయిగా వెళ్లొచ్చు. నల్లరేగడి మట్టి పొడిగా ఉంటే సిమెంటులా ఉంటుంది, తడిస్తే ఫోర్కుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు, పుల్లతో గీక్కోవడమే. సర్కారు తుమ్మ ముల్లు సంగతి వేరే చెప్పక్కర్లేదు, ట్యూబ్‌లెస్ వేసుకోండి.

రైతన్న చెప్పిన అక్టోబరు కష్టం రేగడి వల్లే. గ్రావెల్ వల్ల కాదు.

తొలిజాము (మంగళగిరి)

ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట. నేను తెల్లవారుజామున తొక్కేది గట్టు మీదే. హైవే సర్వీసు రోడ్డులో వెనక నుంచి వచ్చే బండి భయం, గట్టు మీద అది లేదు. దారి గరుకుగా ఉంటే ఎవరూ వేగంగా రాలేరు. తారు పడితే కుర్రాళ్లు బైకుల మీద ఎనభైలో వస్తారు, పక్కన గోడ లేదు, కింద కాలువ. బండ్లు కాలువలో పడ్డాయన్న వార్త మన జిల్లాల్లో తరచూ చదువుతూనే ఉన్నాం.

కానీ గట్టుబాట గారూ, మీరు అవతలి గట్టున ఇళ్లున్నవాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. రోడ్డు లేని ఇంట్లో పురిటి నొప్పులు వస్తే ఏమిటని వాళ్లు అడిగితే మనం తొక్కే దారి గురించి చెప్పలేం కదా. ఇళ్లున్నంత మేర సిమెంటు రోడ్డు వేయాల్సిందే. ఇళ్లు దాటాక పొలాల మధ్య గ్రావెల్ ఉంచమని అడుగుదాం.

కంద_పసుపు

అమ్మాయి మాట న్యాయంగా ఉంది. పాత_లాకులు గారు చెప్పిన పూడిక సంగతి కూడా నిజమే, మా దగ్గర చూశాం.

ఇక సైకిళ్లవాళ్లకి నాదొక మాట. తారు పడినా పడకపోయినా వినండి. వరి కోతకు కొద్దిరోజుల ముందే నిలబడిన చేలోనే మినుములు చల్లేస్తాం, కింద తేమ ఉండగానే మొలవాలని. కోత కోసేసరికి మొలక రెండాకులు వేసి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఉత్త మోళ్లే కనిపిస్తాయి. డిసెంబరులో మీవాళ్లు ఖాళీ చేను అనుకుని అడ్డంగా సైకిళ్లు నడిపించుకుంటూ ఫొటోలు దిగారు. చక్రం వెళ్లిన మేర మొలక పోయింది. గట్టు మీద ఆరబోసిన మొక్కజొన్నల మీద నుంచి కూడా పోతారు. దిగి, పక్కగా నడిపించుకుంటూ వెళ్లండి, కుదరకపోతే కేకేయండి, మేమే కాస్త లాగి దారిస్తాం.

గట్టుబాట

మినుముల సంగతి మా గ్రూపులో ఈ రాత్రే పెడతాను. తొలిజాము గారు చెప్పినట్టు ఇళ్లున్నంత మేర సిమెంటు రోడ్డుకి నేనూ గొంతు కలుపుతాను. అన్నా, ఒకటి అడుగుతాను: గట్టు కన్నా ముందు డొంకలు బాగుపడితే మీ కంద బయటికి రాదా? డొంకలో గ్రావెల్ పరిచి, గట్టెక్కే చోట ఏటవాలుగా రాతి కట్టుడు వేస్తే?

కంద_పసుపు

డొంకలు ముందు, ఒప్పుకుంటాను. కానీ మా వైపు వంతెన దూరం. డొంక బాగుపడినా గట్టు మీద అంత దూరం వెళ్తేనే వంతెన. ఆ ముక్క వానలో ట్రాక్టర్ ఆగకుండా ఉండాలి. గ్రావెల్‌తో అవుతుందని చూపిస్తే తారు అడగను. ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

పాత_లాకులు

చూపించడానికి ఒక దారి ఉంది. 1997 చట్టం కింద ఏర్పడ్డ సాగునీటి సంఘాలు ఉన్నాయి కదా, మీ సంఘం తీర్మానం చేసి డొంక నుంచి వంతెన దాకా ఉన్న ఆ ముక్కకే ముందు గ్రావెల్ అడగండి, రోలర్‌తో సహా అని రాయండి. లారీలు ఎక్కకుండా రెండు చివర్లా ట్రాక్టర్ పట్టేంత సందుతో రాళ్లు పాతమని కూడా రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చేటప్పుడు తీర్మానం కాపీ జతచేయండి, ఉత్త అర్జీకి అంత బరువుండదు. కాలువ కట్టేసే లోపు కాగితం డివిజన్ ఆఫీసుకి చేరాలి, వేసవి పనుల అంచనాలు అప్పుడే వేస్తారు.

కంద_పసుపు

సంఘం అధ్యక్షుడు మా బాబాయే. తీర్మానం రాయడానికి మీరు ఒక పూట దుగ్గిరాల రాగలరా?

పాత_లాకులు

వస్తాను. గురువారం పొద్దున. ఆ ముక్క కొలతలు టేపుతో కొలిచి ఉంచండి, వెడల్పు మూడు చోట్ల.

గట్టుబాట

కొలతలకు మేం నలుగురం బుధవారమే వస్తాం అన్నా. సైకిళ్లు వంతెన దగ్గరే పెడతాం.