సముద్రంలో నెట్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ వస్తుందా?

సాగరతీరం:
అన్నలూ ఒక డౌట్. మా నాన్న విశాఖ హార్బర్ నుంచి బోటు మీద వేటకెళ్తారు, వెళ్తే వారం పది రోజులు ఒడ్డుకు రారు. బోట్లో పాత జీపీఎస్ మిషన్ ఉంది, బోటు నడిపే సరంగు చూసుకుంటాడు, అది మధ్యలో పాడైతే ఎలా అని నా భయం, అందుకే కొత్త ఫోన్ కొనిద్దామనుకుంటున్నా. షాపులో అడిగితే టవర్ లేనిచోట జీపీఎస్ కూడా రాదన్నారు, మా ఫ్రెండ్ వస్తుందంటాడు. ఏది నిజం? జీపీఎస్ లాంటిదే మన దేశానిది నావిక్ అంటారు కదా, అది ఉన్న ఫోనే కొనాలా? నాన్న ఎక్కడున్నారో ఇంట్లో మేం చూసుకోవచ్చా?

రేడియో_రవి:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్. ఫోన్ శాటిలైట్‌కి ఏమీ పంపదు, వింటుంది అంతే. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ శాటిలైట్లు తామెక్కడున్నాయో, టైమ్ ఎంతో చెప్తూనే ఉంటాయి, ఆ సిగ్నల్ మనదాకా రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు, ఆ పట్టిన టైమ్‌ని బట్టే ఫోన్ దూరం లెక్కేస్తుంది. మూడు శాటిలైట్ల దూరం తెలిస్తే చాలు కదా అనిపిస్తుంది, కానీ ఫోన్‌లో గడియారం అంత కచ్చితంగా నడవదు, ఒక్క మైక్రోసెకను తేడా అంటే 300 మీటర్లు తప్పినట్టే, అందుకే నాలుగోది కూడా దొరకాలి, అప్పుడు ఆ గడియారం తప్పు కూడా లెక్కలో తేలిపోతుంది. పైన ఉన్న అణు గడియారాలు కూడా నేల మీది వాటికంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకెళ్తాయి, ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం లెక్కగట్టి దాన్ని ముందే సరిచేసి పెట్టారు. నాకు దీంట్లో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

నెట్ కావాల్సింది మ్యాప్‌కి, ఇంకా శాటిలైట్ల వివరాలు త్వరగా తెచ్చుకోడానికి. నెట్ లేకపోతే ఆ వివరాలు శాటిలైట్ నుంచే తీసుకుంటుంది, కాబట్టి మొదటిసారి లొకేషన్ దొరకడానికి కాస్త లేటవుతుంది. మ్యాప్ ఒడ్డునే డౌన్‌లోడ్ చేసి పెట్టండి. నమ్మకం కుదరకపోతే ఏరోప్లేన్ మోడ్ పెట్టి లొకేషన్ ఆన్ చేసి డాబా ఎక్కి చూడండి.

కాకినాడ_బోట్లు:
తమ్ముడూ, ఫోన్ అంటే స్పేర్ కిందే లెక్క, మిషన్ మానెయ్యొద్దని చెప్పు. వల రాళ్లకి పట్టుకుని చిరిగిన చోట్లన్నీ మేం మిషన్‌లో పాయింట్ కొట్టుకుంటాం, మళ్లీ అటు పోకుండా. ఆ పాయింట్లు, రేవు ముఖం అక్షాంశం రేఖాంశం పుస్తకంలో కూడా రాసుకోమను, రెండూ తడిసి ఆగిపోయినా పక్క బోటు వాళ్లకి ఇస్తే దారి పడతారు. హైదరాబాద్‌లో సముద్రం సమాచారం ఇచ్చే సర్కారు సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు ఎక్కువుండే చోట్లు చెప్తారు కదా, అవీ ఈ నంబర్లతోనే.

ఇక ఇంట్లో చూసుకోవడం అంటావా, మామూలు ఫోన్‌తో కుదరదు. బోట్లో వాళ్లకి మాత్రమే తెలుస్తుంది, ఒడ్డుకి కబురు పోవాలంటే పంపే మిషన్ వేరే ఉండాలి. లక్ష బోట్లకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే సర్కారు పథకం 2024లో మొదలైంది, ఆ ట్రాన్స్‌పాండర్ అంటే శాటిలైట్ ద్వారా కబురు పంపే మిషనే, ఇస్రో తయారుచేసింది, రెండు వైపులా మెసేజ్‌లు పోతాయి. మీ బోటు ఓనర్ని ఫిషరీస్ ఆఫీసులో అడగమను. ఫోన్ కంటే ముందు అది చూసుకోండి.

షార్_అభిమాని:
నావిక్ గురించి నేను చెప్తా. మన శ్రీహరికోట నుంచే 2013లో మొదటిది ఎగిరింది, ఏడు శాటిలైట్లతో మన దేశం, చుట్టూ 1500 కిలోమీటర్ల వరకు కవర్ చెయ్యాలని ప్లాన్. కానీ విదేశాల నుంచి తెచ్చిన అణు గడియారాలు కొన్నిట్లో ఫెయిలయ్యాయి, 2023 మేలో పంపిన కొత్త నావిక్ శాటిలైట్ ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు చేసిన రుబీడియం గడియారం పెట్టారు, 2025 జనవరిలో ఎన్‌వీఎస్-02 మాత్రం అనుకున్న కక్ష్యకి చేరలేదు. ఇది పూర్తిగా నిలబడాలని మనసారా కోరుకునేవాణ్ణి, అయినా దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఇప్పటి ఫోన్లు చాలావరకు జీపీఎస్‌తో పాటు రష్యా, యూరప్, చైనా వాళ్ల శాటిలైట్లు కూడా వింటాయి. నీళ్లకి తట్టుకునేది, బ్యాటరీ పెద్దది చూసి కొనండి.

సాగరతీరం:
చాలా థాంక్స్ అన్నలూ. ట్రాన్స్‌పాండర్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, రేపే ఓనర్ గారితో మాట్లాడతా. అది వచ్చేలోపు ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి?

కాకినాడ_బోట్లు:
కోస్ట్ గార్డ్ 1554. అమ్మ ఫోన్‌లో సేవ్ చెయ్యి, బోటు నంబరు, ఎంతమంది వెళ్లారో, ఎటు వెళ్లారో రాసిపెట్టుకోండి, చెప్పిన రోజుకి రాకపోతే ఆలస్యం చెయ్యకుండా కొట్టండి.