1979 కార్వెట్ ఫెండర్లు కోసి వెడల్పు చేయొచ్చా, వద్దా?

హ్యూస్టన్ చక్రాలు: నా దగ్గర 1979 షెవర్లే కార్వెట్ ఉంది. 195 హార్స్‌పవర్ ఎల్-48 ఇంజన్, ఆటోమేటిక్ గేరు. పాత ఓనర్ ఎడమ వెనక ఫెండర్‌ని, అంటే చక్రం మీద కప్పే బాడీ భాగాన్ని, ఎక్కడో గుద్ది, పుట్టీతో కప్పేశాడు. గోకి చూస్తే వేలు మందాన పుట్టీ, దాని కింద ఫైబర్‌గ్లాస్ నిలువునా చీలి ఉంది. ఎలాగూ పని తప్పదు కాబట్టి రెండు వైపులా కోసి, 1970ల్లో జాన్ గ్రీన్‌వుడ్ రేసుల్లో నడిపిన కార్వెట్ల తరహాలో చక్రాల మీద బయటికి ఉబ్బి ఉండే వెడల్పాటి ఫ్లేర్లు అతికించాలని ఉంది. తెలిసినవాళ్లలో సగం మంది ఒరిజినల్ బాడీ మీద చెయ్యి వేయొద్దంటున్నారు. మీరేమంటారు?

స్ప్లిట్ విండో అభిమాని: వద్దు తమ్ముడూ. 1963 కార్వెట్ స్టింగ్ రే కూపే సంగతి గుర్తు చేసుకో. వెనక అద్దాన్ని రెండు ముక్కలు చేసే ఆ పట్టీ కావాలని డిజైనర్ బిల్ మిచెల్ పట్టుబట్టాడు. వెనక రోడ్డు కనపడదని ఇంజనీర్ జోరా ఆర్కస్-డంటోవ్ మొత్తుకున్నాడు. 1964లో పట్టీ తీసేశారు. అప్పుడు 1963 కార్లున్న కొందరు కొత్త మోడల్‌లా కనపడాలని ఆ పట్టీ కోయించి ఒకే అద్దం పెట్టించుకున్నారు. ఇప్పుడు జనం వెతుక్కునేది సరిగ్గా ఆ పట్టీ ఉన్న కారునే.

ప్యాచ్ వర్క్: అన్నా, పోలిక కుదరదు. స్ప్లిట్ విండో కూపేలు తయారైనవే 10,594. 1979లో 53,807 కార్వెట్లు వచ్చాయి, కార్వెట్ చరిత్రలో ఏ ఏడాదీ అన్ని రాలేదు. వాటిలో ఒక ఆటోమేటిక్ బేస్ కారుకి, అదీ ఇప్పటికే దెబ్బతిన్నదానికి, ఇంత పట్టింపు దేనికి? ఇండీ 500 రేసు పేరుతో వచ్చిన 1978 పేస్ కార్ స్పెషల్ ఎడిషన్ అయితే నేనూ కోయొద్దనేవాణ్ణి.

స్ప్లిట్ విండో అభిమాని: 1963లో కూడా కూపే, కన్వర్టిబుల్ కలిపి 21,513 అమ్ముడయ్యాయి. అప్పటికి అదే రికార్డు. కోయించినవాళ్లు కూడా ‘బోలెడన్ని ఉన్నాయిలే’ అనే అనుకుని ఉంటారు.

రెజిన్ మేస్త్రి: కోయాలా వద్దా అన్నది తర్వాత. ముందు అది ఏ మెటీరియలో చూడండి. 1953 నుంచీ కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాసే అంటారు కానీ, 1973 ప్రాంతం నుంచి ప్యానెళ్లు ఎస్ఎంసీ, అంటే గాజు పీచు, రెజిన్ కలిపిన షీటుని వేడి అచ్చులో నొక్కి చేసినవి. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి వేసే పదార్థం అందులోనే కలిసి ఉంటుంది. పాత ఫైబర్‌గ్లాస్‌కి వాడే మామూలు పాలియెస్టర్ రెజిన్ దీనిమీద గట్టిగా పట్టదు. మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాత అంచులు లేస్తాయి. ఎస్ఎంసీకి సరిపోయే ఎపాక్సీ అంటుగానీ, వినైల్ ఎస్టర్‌గానీ వాడాలి.

కోసిన అంచుని గ్రైండర్‌తో ఏటవాలుగా పలచన చేసి, పైనా లోపలా రెండు వైపులా గాజు పీచు మ్యాట్ రెజిన్‌తో వేయాలి. పైన ఒక్కవైపే వేస్తే అతుకు దగ్గర సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. కంపెనీ వాళ్లు కూడా ప్యానెళ్ల వెనక పట్టీ పెట్టే అతికించారు. ఇంకో మాట, అతికించగానే పెయింట్ వేయొద్దు. హ్యూస్టన్ ఎండకి రెజిన్ ఇంకా బిగుసుకుంటుంది, అప్పుడు పెయింట్ పైనుంచే అతుకు గీత తేలుతుంది. ప్రైమర్ కొట్టి కొన్ని వారాలు ఎండలో వదిలేయండి, మళ్లీ సాండ్‌పేపర్ పట్టి అప్పుడు రంగు వేయండి. గ్రైండింగ్ చేసేటప్పుడు రెస్పిరేటర్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పొడి ఒంటికి తగిలితే రాత్రంతా దురదే.

ప్యాచ్ వర్క్: అంటే సరిగ్గా చేస్తే చేయొచ్చనేగా, మేస్త్రిగారూ?

రెజిన్ మేస్త్రి: చేయొచ్చు. కానీ కోరిక వెడల్పు టైర్ల కోసమైతే కోయకుండానే దారి ఉంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేతులనే ట్రెయిలింగ్ ఆర్మ్‌లంటారు, వాటిలో లోపలికి వంపు తిరిగిన ఆఫ్‌సెట్ రకం దొరుకుతాయి. టైరుకి కావలసిన జాగా లోపలివైపు వస్తుంది, ఫెండర్ అలాగే ఉంటుంది. ఆ రేసు కారు ఆకారమే కావాలంటే మాత్రం కోయక తప్పదు.

హ్యూస్టన్ చక్రాలు: నాకు ఆకారమే కావాలి, అబద్ధం చెప్పను. ఆ కార్ల ఫొటోలు చూసే నేను కార్వెట్ కొన్నాను. కానీ కుడి ఫెండర్‌కి ఒక్క గీత కూడా లేదు. దాని మీద రంపం పెట్టాలంటేనే మనసొప్పడం లేదు.

స్ప్లిట్ విండో అభిమాని: అయితే కుడివైపు ముట్టుకోకు. ఎడమవైపు చీలినంత మేర కోసేసి, ఆ భాగానికి వేరే ప్యానెల్ తెచ్చి అతికించు. ఆకారం కావాలంటే, ఎవరో ఎప్పుడో ఫ్లేర్లు పెట్టించిన పాత కార్లు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. అలాంటిది కొనుక్కో, ఇది ఇంకొకరికి ఇచ్చెయ్.

ప్యాచ్ వర్క్: అమ్మాల్సిన పనేముంది? ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో కొంటారని ఇప్పుడు నచ్చని కారు నడపాలా? కార్వెట్‌ని కోసి మార్చుకోవడం మొదటినుంచీ ఉన్నదే, అది కూడా ఈ కారు చరిత్రే.

హ్యూస్టన్ చక్రాలు: ఈ వారం ఎడమవైపు పుట్టీ మొత్తం తీసి, చీలిక ఎంత దూరం పోయిందో ఫొటోలు పెడతాను. అది వెనకున్న అతుకు పట్టీ దాటి పోయిందో లేదో చూసి మేస్త్రిగారు చెప్పండి. కుడివైపు సంగతి ఆ తర్వాతే.