ఇంటి వివరాలు, సర్కారు లెక్కలు: శని, ఆదివారాల్లో ఏం చదవమంటారు?

మడికొండ పాఠకుడు:
పెద్దలకు నమస్కారం. నేను మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తున్నాను. ప్రతి ఆదివారం ఉదయం నలుగురం మిత్రులం భద్రకాళి చెరువు కట్ట మీద కలుసుకుని, ఆ వారం చదివినదాని గురించి మాట్లాడుకుంటాము. సాంకేతికత, రాజకీయం, మారుతున్న మన జీవనం కలిసే చోటును అర్థం చేసుకోవాలన్నది మా కోరిక. అయితే ఇంతవరకు ఫోనులో కంటబడిన వ్యాసాలే చదివాము. సోమవారానికి వాటిలో ఏదీ గుర్తుండడం లేదు.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. హైదరాబాద్‌లో ఉండే మా బాబాయి వాళ్లు ఆ ఒక్క రోజు కోసం బస్సులో నిలబడి ఊరికి వచ్చారు. అడిగినవాటన్నిటికీ మా నాయన జవాబు చెప్పి, తన పేరు సర్కారు లెక్కలోకి ఎక్కిందని సంతోషపడ్డాడు. 2024 నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే వచ్చినప్పుడు మాత్రం నేను ప్రతి ప్రశ్నకూ "ఇది ఎందుకు?" అని అడిగాను. నాయనకు అది నచ్చలేదు. ఆయనకు సరిగ్గా జవాబు చెప్పగలిగేంత చదవాలని ఉంది. రెండు రోజుల్లో చదవగలిగేవి చెప్పగలరా?

హనుమకొండ న్యాయవాది:
తమ్ముడూ, మీకూ మీ నాయనగారికీ మధ్య వచ్చిన ఆ ప్రశ్న ఒక్కటి చాలు. దాని మీద ఎవరో రాసిన వ్యాసాలు పక్కన పెట్టి మూలాలనే చదవండి. ముందుగా 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు తీసుకోండి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఒక మనిషిని ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా జాబితాలో పెట్టి, రాత్రిపూట వచ్చి తలుపు తట్టి లేపేవారు. ఆ రాత్రి తనిఖీలు చెల్లవని ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది గాని, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ తేల్చింది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు, ఆయనతో పాటు జస్టిస్ షా గారు దీనికి ఒప్పుకోలేదు. నిరంతరం ఎవరో తనను కనిపెట్టి ఉన్నారని తెలిసిన మనిషి, కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదన్నది సుబ్బారావు గారి వాదన సారం. ఆ భిన్నాభిప్రాయం పెద్దది కాదు. శనివారం పొద్దున కూర్చుంటే భోజనాల వేళకు అయిపోతుంది. నా దగ్గరికి వచ్చే జూనియర్ల చేత నేను మొదట చదివించేది అదే.

అక్కడి నుంచి 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పుకు రండి. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. సుబ్బారావు గారి మాట నిలబడడానికి దాదాపు 55 ఏళ్లు పట్టింది. అందులో ఆరు వేర్వేరు అభిప్రాయాలు, అయిదు వందలకు పైగా పేజీలు ఉన్నాయి. మీకు జస్టిస్ చంద్రచూడ్ గారు రాసినదానిలో ముగింపు, జస్టిస్ కౌల్ గారు సాంకేతికత గురించి రాసిన భాగం సరిపోతాయి.

ఆదివారానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పెట్టుకోండి. మొత్తం 44 సెక్షన్లే. చివరి సెక్షన్ దగ్గర మాత్రం నిదానించండి, ఎందుకంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కరలేదని చెప్పే, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను అది మార్చింది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వవచ్చని అంతకుముందు ఆ నిబంధనలోనే ఉండేది. ఇప్పుడు ఆ మాట అక్కడ లేదు, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే 8(2)ను ఆశ్రయించాలి. ఊళ్లో ఉపాధి హామీ మస్టర్ల వివరాలు అడిగే కూలీకి గోప్యత పేరుతో దారి మూసుకుపోతే అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పాత నిబంధననూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చదివి, మీరే నిర్ణయించుకోండి.

పరకాల విశ్రాంత ఉపాధ్యాయుడు:
న్యాయవాది గారు చెప్పినవి చదవవలసినవే. కాని లెక్కలోకి ఎక్కినందుకు మీ నాయనగారు ఎందుకు సంతోషపడ్డారో ఆ తీర్పుల్లో దొరకదు. మన ప్రాంతంలో అది ఆత్మగౌరవానికి సంబంధించిన సంగతి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఒకరు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను అచ్చు వేయించారు. ఎవరి పేర్లు ఎక్కడా నమోదు కాలేదో వాళ్లు లేనట్టే చెల్లిపోయే రోజులవి. ఆ సంచికలో కొన్ని పేజీలైనా మీ నాయనగారి పక్కన కూర్చుని పైకి చదవండి. హనుమకొండలో 1904లో పుట్టిన శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి మీరు ఇప్పటిదాకా వెళ్లి ఉండకపోతే, ఈ శనివారమే వెళ్లండి.

నిట్ పరిశోధక విద్యార్థిని:
మాస్టారు చెప్పింది నా చదువుకు కూడా వర్తిస్తుంది, అన్నా. కంప్యూటరు మన లిపిని ఎలా దాచుకుంటుందో ఒక గంట చదవండి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు (కంప్యూటరు నిల్వ కొలత) చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. "తెలుగు" అన్న మాటకు 18 బైట్లు అవుతాయి. అదే మాటను ఆంగ్ల లిపిలో రాస్తే ఆరే. చాట్‌జీపీటీ వంటివాటి వెనక ఉండే భాషా నమూనాలు మాటలను ముక్కలుగా కోసుకుని చదువుతాయి. వాటికి నేర్చుకోవడానికి తెలుగు రాతలు తక్కువగా అందాయి కనుక మన మాట ఎక్కువ ముక్కలవుతుంది, ఖర్చు పెరుగుతుంది. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్లకు పైగా ఉన్న తెలుగువారి భాష పరిస్థితి ఇది. మా ఇంట్లో మాట్లాడే తెలుగు ఆ రాతల్లో ఇంకెంత తక్కువో అని నాకు దిగులు.

మడికొండ పాఠకుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ వారానికి సుబ్బారావు గారి అభిప్రాయం, కవుల సంచిక పెట్టుకున్నాము. చట్టం వచ్చే వారం. ఒక్క సందేహం. గోప్యత అనగానే నాయన "మనకు దాచుకునేది ఏముంది?" అంటాడు. ఏం చెప్పమంటారు?

హనుమకొండ న్యాయవాది:
ఖరక్ సింగ్ మీద కూడా సాక్ష్యం ఏదీ దొరకలేదని చెప్పండి. అయినా రాత్రి తలుపు తట్టారు కదా, ఆ కథ ఆయనకు మీరే తెలుగులో చెప్పండి. తీర్పు ప్రతి సుప్రీంకోర్టు వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది.